వ్యంగ్యం అంటే ఏ వ్యంగ్యం? మూడు వాక్యాల మీద సాహిత్య పరిభాష గురించి చర్చ

అక్షరాభ్యాసి:

అందరికీ నమస్కారం. మూడు వాక్యాల చిన్న గద్యభాగం మీద ఒక విశ్లేషణ రాసి, రచనలను ఓపికగా చదివి సరిదిద్దే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన నా పేరాలోని నాలుగు పారిభాషిక పదాల కింద గీతలు గీసి, పక్కన ఒకే ఒక ప్రశ్న రాశారు: "ఈ నాలుగు మాటలూ తీసేస్తే మీరు చెప్పిందేమిటి?" రెండు రోజులుగా ఆలోచిస్తున్నా నాకు జవాబు తట్టలేదు.

అభ్యాసం కోసం మాలో ఒకరు రాసి ఇచ్చిన గద్యభాగం ఇది:

"తలుపు తీసి చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. కళ్ళజోడు మాత్రం సగం చదివిన పుస్తకం మీద తెరిచే ఉంది. గోడ మీద గడియారం తన పని తాను చేసుకుపోతోంది."

నేను రాసిన విశ్లేషణ ఇది:

"ఇందులో రచయిత కళ్ళజోడును మరణానికి ప్రతీకగా వాడారు. గడియారం విషయంలో మానవీకరణ ఉంది. మొత్తం మీద వ్యంగ్యం ద్వారా కరుణరసం పోషించబడింది."

ఈ నాలుగు మాటల్లో ఏది తప్పు, ఏది ఒప్పు? ఒప్పే అయితే ఆయన ఎందుకు గీత గీశారు?

పాతప్రతి:

అక్షరాభ్యాసి గారూ, మీ నాలుగు మాటల్లో నన్ను ముందుగా ఆపింది "వ్యంగ్యం". మన భాషలో ఈ మాటకు ఇప్పుడు రెండు జీవితాలున్నాయి. పత్రికలోనో మాటల్లోనో "వ్యంగ్యంగా అన్నాడు" అంటే ఎత్తిపొడిచాడని, పైకి ఒకటి చెప్పి లోపల మరొకటి ఉద్దేశించాడని అర్థం చేసుకుంటాం. అలంకారశాస్త్రంలో మాత్రం వ్యంగ్యమంటే వ్యంజన అనే శబ్దవ్యాపారం వల్ల తోచే అర్థం. అందులో ఎత్తిపొడుపు ఉండనవసరం లేదు. ప్రేమ, భయం, భక్తి, ఏదైనా వ్యంగ్యం కావచ్చు. మీ వాక్యం చదివినవారిలో సగం మంది ఆ గద్యభాగంలో వెటకారం ఎక్కడుందా అని వెతుకుతారు.

శాస్త్రంలోని అమరిక ఇది. మాటకు కోశంలో ఉన్న అర్థాన్ని ఇచ్చేది అభిధ. ఆ అర్థం పొసగనప్పుడు దానితో సంబంధమున్న మరో అర్థానికి తీసుకుపోయేది లక్షణ. ఈ రెండూ తమ పని ముగించాక కూడా ఇంకేదో తోస్తుందే, దాన్ని తోపింపజేసేది వ్యంజన. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో కావ్యానికి ఆత్మ ధ్వని అని నిలబెట్టింది ఈ మూడవదాని బలం మీదే. "ధ్వని" కూడా ఇటువంటి మాటే. వ్యవహారంలో అది చప్పుడు. వైయాకరణులు వినబడే శబ్దానికి వాడిన ఆ మాటను ఆనందవర్ధనుడు వారి దగ్గరి నుంచి తీసుకుని, సూచించే కావ్యానికీ సూచితమయ్యే అర్థానికీ వాడుకున్నాడు. కాబట్టి విశ్లేషణలో ఏ పరిభాష వాడినా, అది ఏ సంప్రదాయంలోని మాటో పాఠకుడికి తెలియాలి.

మధ్యమావతి:

పాతప్రతి గారు చెప్పినదానికి కొన్ని జంటలు చేరుస్తాను. సాహిత్య తరగతుల్లో చదువుకునే రోజుల్లో వీటి దగ్గర నేను పదే పదే తడబడ్డాను.

రూపకమంటే ఉపమేయానికీ ఉపమానానికీ భేదం లేనట్టు చెప్పే అలంకారం. రూపకమంటే నాటకం మొదలైన పది దృశ్యకావ్య భేదాలు కూడా. వక్రోక్తి ఒకచోట కేవలం ఒక అలంకారం, అంటే ఎదుటివాడి మాటను శ్లేష వల్లనో కంఠస్వరం వల్లనో వేరే అర్థంలో తీసుకుని జవాబివ్వడం. కుంతకుడి వక్రోక్తిజీవితంలో అదే మాట కావ్యానికంతటికీ ప్రాణం, లోకం మామూలుగా మాట్లాడే తీరుకు భిన్నంగా కవి ఎంచుకునే విశిష్టమైన పలుకుబడి. ఉత్ప్రేక్షను సంపాదకీయాలలో "ఉన్నదానికన్నా పెద్దది చేసి చెప్పడం" అనే అర్థంలో వాడేస్తున్నారు. శాస్త్రంలో అది ఒకదాన్ని మరొకటిగా ఊహించడం. "చీకటి గోడలకు నలుపు పూస్తున్నట్టుంది" అన్నప్పుడు ఎవరూ ఏమీ పెంచి చెప్పలేదు, చీకటి పరుచుకోవడాన్ని పూత పూయడంగా సంభావించారు, అంతే.

ఐరనీ అనే పాశ్చాత్య భావనకు మనం వ్యంగ్యమనే మాటనే కేటాయించడంతో చిక్కు మరింత పెరిగింది. నాటకీయ వ్యంగ్యమంటే పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలిసి ఉండడం. సోఫోక్లీస్ నాటకంలో హంతకుణ్ణి పట్టి శిక్షిస్తానని శపథం చేసే రాజు ఈడిపస్, తాను వెతుకుతున్నవాడు తానేనని ఎరగడు. శపథంలోని ప్రతి మాటా అతని మీదికే తిరిగి వస్తుంది. అక్కడ ఎత్తిపొడుపు లేదు, వ్యంజనావ్యాపారమని మాత్రమే అన్నా సరిపోదు. నేనైతే అటువంటి చోట "ఐరనీ" అనే రాస్తాను. అరువు మాటే అయినా దానికి ఒకే అర్థం ఉంది.

చిత్తుప్రతి:

నేను వ్యాసాల ప్రతులు దిద్దే పనిలో ఉన్నాను కాబట్టి ఒక చిన్న సంగతి. "పోషించబడింది" అనకండి. ఎవరు పోషించారు, దేనితో పోషించారు అనే రెండు ప్రశ్నలనూ ఆ క్రియ దాచేస్తోంది. విశ్లేషణలో మీరు వెతకవలసింది ఆ రెండింటినే.

పత్రహరిత:

ప్రతీక గురించి నా అభిప్రాయం వేరు. కళ్ళజోడు ప్రతీక అనడంలో తప్పేముంది? చదివినవెంటనే నాకు ఆ మనిషే గుర్తొచ్చారు. వస్తువు వెనుక మనిషి కనబడితే అది ప్రతీకే కదా?

పాతప్రతి:

పత్రహరిత గారూ, మీకు మనిషి గుర్తురావడం నిజం. ఏ దారిన గుర్తొచ్చారన్నదే ఇక్కడ ప్రశ్న. ఒక వస్తువు మరొకదాన్ని గుర్తుచేయడానికి రెండు పెద్ద దారులున్నాయి. మొదటిది పోలిక, రెండవది సంబంధం. మమ్మటుడు కావ్యప్రకాశంలో లక్షణను విభజిస్తూ, సాదృశ్యం మీద ఆధారపడినదాన్ని గౌణి అని, సామీప్యం, కార్యకారణభావం వంటి ఇతర సంబంధాల మీద ఆధారపడినదాన్ని శుద్ధ అని పేర్కొన్నాడు. ఒకడిని సింహమంటే గౌణి. "ఊరంతా కదిలింది" అంటే శుద్ధ, ఎందుకంటే ఊరికీ జనానికీ పోలిక లేదు, జనం ఊళ్ళో ఉంటారన్న సంబంధమే ఉంది. కళ్ళజోడు ఆ మనిషిని పోలి లేదు. అది ఆయన ముఖం మీద ఉండేది, ఆయన చేతితో తీసి పెట్టినది. అందుకే మనకు మనిషి గుర్తొస్తున్నారు.

మధ్యమావతి:

ఈ విభజనకు దగ్గరగా వచ్చే మాట ఆధునిక భాషాశాస్త్రంలోనూ ఉంది. రోమన్ యాకబ్సన్ 1956లో ప్రచురించిన ఒక వ్యాసంలో, మాట కోల్పోయే వ్యాధి గల రోగుల భాషను పరిశీలిస్తూ, భాష రెండు ఇరుసుల మీద నడుస్తుందన్నాడు. పోలిక మీద నడిచేది మెటఫర్, పక్కపక్కన ఉండడం మీద నడిచేది మెటానిమీ. యథార్థవాద రచనలో రెండవదే ఎక్కువని కూడా అన్నాడు. యథార్థవాద రచయిత మనిషిని వర్ణించడానికి పోలికలు వెతకడు. ఆ మనిషి గదిని, బట్టలను, చేతిసంచిని చూపిస్తాడు. మన గద్యభాగం సరిగ్గా ఆ పద్ధతిలోనే ఉంది. ఉన్న మూడు వాక్యాల్లో ఒక్క ఉపమ కూడా లేదు, గమనించండి.

పాతప్రతి:

పోలిక బాగుంది, కానీ మెటానిమీని లక్షణతో పూర్తిగా ఒకటి చేయకూడదు. లక్షణకు మూడు షరతులున్నాయి. మొదటిది ముఖ్యార్థం బాధితం కావడం. రెండవది కొత్త అర్థానికి ముఖ్యార్థంతో సంబంధం ఉండడం. మూడవది రూఢిగానీ (వాడుకలో స్థిరపడిపోవడం) ప్రయోజనంగానీ (అలా అనడంలో ఒక ఉద్దేశం) ఉండడం. "గంగలో గొల్లపల్లె" అన్న పాత ఉదాహరణలో, ప్రవాహంలో పల్లె ఉండలేదు కాబట్టి ముఖ్యార్థం బాధితమైంది. సామీప్యం వల్ల ఒడ్డు అనే అర్థం వచ్చింది. "గంగ ఒడ్డున" అనకుండా అలా ఎందుకన్నారంటే, గంగలోని చల్లదనం, పావనత్వం ఆ పల్లెకు కూడా ఉన్నాయని తోచడం కోసం. అది ప్రయోజనం, ఆ ప్రయోజనం తెలిసేది వ్యంజన వల్ల.

ఇప్పుడు కళ్ళజోడు దగ్గరికి రండి. "కళ్ళజోడు పుస్తకం మీద తెరిచే ఉంది" అన్న వాక్యంలో ముఖ్యార్థానికి ఏ బాధా లేదు. అక్కడ ఉన్నది నిజంగా కళ్ళజోడే, అది నిజంగా పుస్తకం మీదే ఉంది. కాబట్టి ఇది లక్షణ కాదు. అభిధ తన అర్థాన్ని పూర్తిగా నిలుపుకుంటూనే దానికి ఆవలి అర్థాన్ని చూపిస్తోంది. దీన్నే ఆనందవర్ధనుడు వివక్షితాన్యపరవాచ్యమన్నాడు, అంటే చెప్పిన అర్థం ఉద్దేశించినదే, కానీ అది మరోదాని కోసం నిలబడింది. ముఖ్యార్థాన్ని వదులుకోవలసి వచ్చే అవివక్షితవాచ్యం దీనికి భిన్నమైనది. పరిభాష బరువుగా కనిపించవచ్చు గానీ అది అడిగే ప్రశ్న తేలికైనదే: ఈ మాటను ఉన్నదున్నట్టుగా తీసుకోవచ్చా, లేదా?

మధ్యమావతి:

అంగీకరిస్తున్నాను. యాకబ్సన్ గీసిన వలయం లక్షణ కన్నా విశాలమైనది, అందులో మాటల మధ్య సంబంధంతో పాటు వస్తువుల ఎంపిక కూడా ఇముడుతుంది. ఈ కళ్ళజోడును "మెటానిమీ తరహా వివరం" అనవచ్చు, లక్షణ అనకూడదు. ప్రతీక విషయంలో మాత్రం నాకొక పట్టుదల ఉంది. ఒక వస్తువు రచనలో మళ్ళీ మళ్ళీ వచ్చి, వచ్చినప్పుడల్లా కొంత అర్థం కూడగట్టుకుని, చివరికి తన మామూలు ఉపయోగాన్ని మించి నిలబడ్డాకే దాన్ని ప్రతీక అంటాను. తెల్ల పావురంలా సమాజమంతా ముందే ఒప్పుకున్నవి ఇందుకు మినహాయింపు. మూడు వాక్యాల్లో ఒక్కసారి కనిపించిన కళ్ళజోడుకు ఆ అర్హత ఇంకా రాలేదు.

పత్రహరిత:

ఇప్పుడు స్పష్టమైంది, ధన్యవాదాలు. అయితే గడియారం సంగతి? "తన పని తాను చేసుకుపోతోంది" అన్నది మానవీకరణే అనుకుంటాను. దాని కింద గీత ఎందుకు గీశారో నాకూ తెలియడం లేదు.

చిత్తుప్రతి:

ఇది నాకు ఎంతో ఇష్టమైన చోటు, కొంచెం నిదానంగా చూద్దాం. "గడియారం పని చేస్తోంది" అంటే అందులో మానవీకరణ ఏమీ లేదు. యంత్రాలన్నింటికీ అలాగే అంటాం, ఆ వాడుకలో ఎప్పుడో ఉన్న రూపకం అరిగిపోయి రూఢి అయిపోయింది. మన రచయిత ఆ అరిగిన మాటకు రెండు చిన్న మాటలు కలిపారు, "తన", "తాను". వాటితో పాటు క్రియను "చేస్తోంది" నుంచి "చేసుకుపోతోంది"కి మార్చారు. చేసుకోవడంలోని "కొను" చేసే పనిని కర్త వైపు తిప్పుతుంది. "పోవు" ఆ పని ఎవరి కోసమూ ఆగకుండా సాగుతోందని చెబుతుంది. ఈ మూడు మార్పులతో చచ్చిన రూపకంలో కదలిక వచ్చింది. గడియారం ఇప్పుడు పక్కవాళ్ళ సంగతి పట్టని మనిషిలా ఉంది.

అయితే "మానవీకరణ ఉంది" అని వదిలేస్తే ఈ విషయమేదీ పాఠకుడికి అందదు. మానవీకరణ ఏ మాటల్లో పుట్టింది, దాని వల్ల గదిలో ఏం మారింది అన్నవి చెప్పాలి. నాకు తోచింది ఇది: కుర్చీ, కళ్ళజోడు, పుస్తకం ఆగిపోయినవి, గడియారం ఒక్కటే ఆగలేదు. ఆ వైరుధ్యాన్ని గద్యభాగం ఎక్కడా పేరు పెట్టి చెప్పలేదు, మూడు వాక్యాలను పక్కపక్కన పెట్టి ఊరుకుంది.

పాతప్రతి:

చిత్తుప్రతి గారు ప్రత్యయాల దాకా వెళ్ళడం నాకు చాలా సంతోషం కలిగించింది. ధ్వన్యాలోకం మూడవ ఉద్యోతంలో, అంటే మూడవ అధ్యాయంలో, విభక్తులు, క్రియావిభక్తులు, వచనం, నిపాతాలు (అవ్యయాల వంటి చిన్న మాటలు) వంటి అతి చిన్న అంశాలు కూడా ధ్వనికి వ్యంజకాలు, అంటే దాన్ని తోపింపజేసేవి, కాగలవని ఆనందవర్ధనుడు ఉదాహరణలతో చూపించాడు. తెలుగుకు ఈ సూత్రం ఎంతగానో నప్పుతుంది. రెండవ వాక్యంలోని "మాత్రం" చూడండి. "కళ్ళజోడు పుస్తకం మీద ఉంది" అంటే అది సమాచారం. "కళ్ళజోడు మాత్రం" అన్నప్పుడు, ఉండవలసిన మరొకరు లేరని తెలుస్తుంది. "తెరిచే" అన్నదానిలోని ఏకారం కూడా అటువంటిదే. మూసి ఉండవలసినది మూయలేదని, మూసే వ్యవధి లేకపోయిందని, లేదా మూయవలసిన అవసరం కనబడలేదని ఆ ఒక్క అచ్చు చెబుతోంది.

కొత్తచివురు:

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మనసుకు తగిలిన మూడు వాక్యాలను ఇన్ని ముక్కలు చేశాక, మొదట కలిగిన అనుభూతి మిగులుతుందా అని నాకు బాధగా ఉంది. నేను కథలు ఇష్టంగా చదువుతాను, ఈ పేర్లేవీ తెలియకుండానే ఆనందించాను. పేర్లు తెలిస్తే ఆనందం పెరుగుతుందా?

మధ్యమావతి:

పేర్లు వల్లె వేస్తే పెరగదు, నిజమే. భరతుడు నాట్యశాస్త్రంలో ఉపమ, రూపకం, దీపకం, యమకం అని నాలుగు అలంకారాలే చెప్పాడు. అప్పయ్య దీక్షితులు కువలయానందం రాసేనాటికి అవి నూటికి పైగా అయ్యాయి. ఆ జాబితా అంతా కంఠస్థం చేసి కూడా ఒక్క వాక్యాన్ని సరిగ్గా చదవలేకపోవడం సాధ్యమే. కానీ అభినవగుప్తుడు సహృదయుణ్ణి నిర్వచిస్తూ, కావ్యాలను నిరంతరం అనుశీలించడం వల్ల మనసనే అద్దం నిర్మలమైనవారే సహృదయులు అన్నాడు. మీరు ఇన్నేళ్ళుగా ఇష్టంగా చదవడమూ ఆ అభ్యాసమే. ఇప్పుడు మీకు తోచినది ఎందుకు తోచిందో పక్కవారికి చూపించవలసి వచ్చినప్పుడు ఈ మాటలు పనికొస్తాయి. ఇందాక "మాత్రం" అన్న మాటను పాతప్రతి గారు పట్టి చూపాక నేను ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాను, మొదటిసారి కన్నా ఎక్కువ దిగులు కలిగింది.

అక్షరాభ్యాసి:

అందరికీ ఎంతో కృతజ్ఞుణ్ణి. ఇంక మిగిలింది కరుణరసం. దీని కింద కూడా గీత ఉంది. కవి రసాన్ని పేరు పెట్టి చెప్పకూడదని, స్వశబ్దవాచ్యత్వం దోషమని చదివాను. విమర్శకుడికి కూడా ఆ నిషేధం ఉందా?

పాతప్రతి:

లేదు. "అతనికి శోకం కలిగింది" అని చెబితే పాఠకుడికి శోకం కలగదు కాబట్టి ఆ నిషేధం కవికే. విమర్శకుడు రసానికి పేరు పెట్టవచ్చు, అయితే దానికి కావలసిన సామగ్రిని చూపించాలి. విభావ (భావానికి కారణమైనవి), అనుభావ (ఆ భావం పైకి కనబడే గుర్తులు), వ్యభిచారి (మధ్యలో వచ్చిపోయే) భావాల సంయోగం వల్ల రసనిష్పత్తి, అంటే రసం సిద్ధించడం, అని భరతుడి సూత్రం. ఈ గద్యభాగంలో ఆలంబన విభావం, అంటే భావం ఎవరిని ఆశ్రయించి పుడుతుందో ఆ వ్యక్తి, అక్కడ లేని మనిషే. కుర్చీ, పుస్తకం, కళ్ళజోడు ఆ భావాన్ని రగిలించే ఉద్దీపన విభావాలు. అనుభావం, అంటే తలుపు తీసిన వ్యక్తి కన్నీరు గానీ, నిట్టూర్పు గానీ, ఒక్క కదలిక గానీ, ఎక్కడుంది? లేదు. రచయిత దాన్ని కావాలనే విడిచిపెట్టారని నాకు అనిపిస్తోంది. ఆ ఖాళీని పాఠకుడే నింపుకోవాలి.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. ఈ మూడు వాక్యాల్లో మరణం ఎక్కడుందండీ? ఒకరు కుర్చీలో లేరు, అంతవరకే మనకు తెలుసు. కరుణకూ విప్రలంభానికీ, అంటే ప్రేమికుల ఎడబాటుకూ, భేదం చెబుతూ భరతుడు, కరుణ నిరపేక్షమని, విప్రలంభం సాపేక్షమని అన్నాడు. మళ్ళీ కలుస్తామన్న ఆశ పూర్తిగా తెగిపోతే కరుణ, ఆశ మిగిలి ఉంటే విప్రలంభం. విప్రలంభం శృంగారంలోనిది కాబట్టి ఆ పేరు ఇక్కడ నేరుగా అన్వయించదు, కానీ ఆ గీటురాయి అన్వయిస్తుంది. సగం చదివిన పుస్తకం, తెరిచి ఉంచిన కళ్ళజోడు, ఇవి తిరిగి వద్దామనుకున్న మనిషి గుర్తులు. ఆయన వస్తారా, రారా? గద్యభాగం ఆ ఆశను తెంచలేదు, నిలబెట్టనూ లేదు.

పత్రహరిత:

చదివినప్పుడు మనిషి పోయారనే నేను అనుకున్నాను. మీరు అడిగాక వెనక్కి వెళ్ళి చూస్తే ఆ మాట నిజంగానే ఎక్కడా లేదు. నేనే తెచ్చిపెట్టుకున్నాను.

చిత్తుప్రతి:

మీరు తెచ్చిపెట్టుకోవడానికి గడియారం సాయం చేసింది. అది లేకపోతే ఆ గదిలో ఎవరో నీళ్ళకోసం లేచారని అనుకునేవారు.

అక్షరాభ్యాసి:

ఇప్పుడు ఆ పెద్దాయన ప్రశ్న అర్థమవుతోంది. నా పేరాను మళ్ళీ రాశాను, దయచేసి చూడండి:

"ఈ గద్యభాగం లేని మనిషిని ఆయన వదిలిన వస్తువుల ద్వారానే చూపిస్తుంది. ఏ వస్తువునూ దేనితోనూ పోల్చదు. 'కళ్ళజోడు మాత్రం' అన్నచోట 'మాత్రం' ఒకరు లేరన్న సంగతిని, 'తెరిచే' అన్నచోట ఏకారం ఆ వెళ్ళడం అర్ధాంతరంగా జరిగిందన్న సంగతిని ధ్వనింపజేస్తాయి. ఆగిపోయిన ఆ వస్తువుల మధ్య, 'తన పని తాను చేసుకుపోతోంది' అన్న మాటల వల్ల గడియారం ఎవరినీ పట్టించుకోని మనిషిలా తోస్తుంది. మనిషి తిరిగి వస్తారో రారో చెప్పకపోవడం వల్ల, పాఠకుడు శోకానికీ నిరీక్షణకూ మధ్య ఆగి, విషాదానికి ప్రతీకగా నిలిచిన ఆ ఖాళీ కుర్చీని చూస్తాడు."

చిత్తుప్రతి:

చాలా బాగుంది. చివరి వాక్యంలో "విషాదానికి ప్రతీకగా నిలిచిన" అన్న మూడు మాటలూ తీసేయండి. "ఆ ఖాళీ కుర్చీని చూస్తాడు" చాలు.

అక్షరాభ్యాసి:

తీసేశాను. రేపు ఆయనకు పంపిస్తున్నాను.